సున్నం వైపు మూత

మా బావ తంబాకు డబ్బాకు రెండు మూతలుండేవి. ఒక వైపు తంబాకు, ఇంకో వైపు సున్నం. పొద్దటి షిఫ్టుకు వచ్చిన ప్రతిరోజూ ఆయన తంబాకు వైపు మూత తీసి నా ముందు పట్టేవాడు. నేను చిటికెడు తీసుకుని పెదవి కింద పెట్టుకునేవాణ్ని. రెండేళ్లలో సున్నం వైపు మూత ఒక్కసారి కూడా తీయలేదు. నాకు సున్నం పడదు, నోరు పొక్కుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

నేను గోదావరిఖనిలో ఒక బొగ్గుగని మీద పనిచేస్తాను. మేము గని అనం, బాయి అంటాం. చుట్టూ నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగిపోయి, మనుషులు భూమిలోకి దిగే బాయిలు కొన్నే మిగిలాయి. మాది అందులో ఒకటి. పదిహేనేళ్లు లోపల బొగ్గు ఎత్తాను. మోకాలు దెబ్బతిన్నాక నన్ను పైకి తెచ్చి బాయి మూతి దగ్గర నిలబెట్టారు. దిగే ప్రతి మనిషినీ తడిమి చూడడం నా పని. దాన్ని తలాషీ అంటారు. మా బాయిలో గ్యాస్ ఉంది. లోపల ఒక అగ్గిపుల్ల గీస్తే, పోయేది గీసినవాడొక్కడే కాదు. అందుకే బీడీ, అగ్గిపెట్టె, లైటరు, సెల్‌ఫోను ఏదీ లోపలికి పోకూడదు. తంబాకు నమలొచ్చు. పైన కట్టలకు కట్టలు బీడీలు తాగేవాళ్లు కూడా లోపల షిఫ్టంతా తంబాకుతోనే గడుపుతారు.

మనుషులు ల్యాంపు రూములో లైట్లు తీసుకుని, నడుముకు బ్యాటరీలు కట్టుకుని వరుసగా వస్తారు. నా ముందుకు రాగానే రెండు చేతులూ పైకి లేపుతారు. చంకల దగ్గర మొదలుపెట్టి జేబులు, నడుము, పిక్కలు, బూట్లు చూస్తాను. టిఫిన్ మూత తీయిస్తాను. చేతులు వాటి పని అవి చేస్తుంటే మాటలు వాటి దారిన అవి నడుస్తుంటాయి.

"అన్నా, చక్కిలిగిలైతుంది, జల్ది కానియ్యి."

"నీ ఇంటామె గూడ గింతగనం ఎతకదా నిన్ను?"

"గామె జేబులే ఎతుకుతది. నువ్వు పానమంత ఎతుకుతున్నవ్."

బాయి మీద నన్ను 'లైబ్రరీ' అని పిలుస్తారు. చిన్నవాళ్లయితే 'లైబ్రరీ అన్న'. నేను పదో తరగతి తప్పాను. మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. మా నాన్న నాగలి వదిలి బాయి పనికి వచ్చాడు. నాకున్న చదువంతా కాలనీ గ్రంథాలయంలో వచ్చింది. బొగ్గు ఎలా పుట్టిందో ఇంజినీర్ల పిల్లలకు బడిలో చెప్పి ఉంటారు. నేను పుస్తకం తెచ్చుకుని, అర్థం కాని మాటలకు ఇంకో పుస్తకం తెచ్చుకుని తెలుసుకున్నాను. ఇది గొప్ప కోసమే చెబుతున్నాను, దాచుకోను.

ఆ పుస్తకం విషయంలోనే ఒక తప్పు చేశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అందులో ఒక పేజీ నిండా అడవి బొమ్మ ఉంది. మనిషి పుట్టకముందటి అడవి, పొలుసులు తేలిన బోదెలతో ఎత్తైన చెట్లు, కింద నల్లటి నీళ్లు. మా నాన్న రోజూ తట్టల కొద్దీ ఎత్తేది ఈ అడవినే కదా అనిపించింది. బ్లేడుతో ఆ పేజీ కోసి తెచ్చి మా క్వార్టర్ గోడకు అంటించుకున్నాను.

గ్రంథాలయం సారు వారం తిరగకుండానే పట్టుకున్నాడు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. కోప్పడలేదు. కార్డు తీసుకుని డ్రాయర్లో వేసుకున్నాడు, అంతే. రెండు నెలలు ఆ వీధిలోకి పోవడానికి కూడా సిగ్గుపడ్డాను. ఒకరోజు కూరగాయల మార్కెట్లో ఎదురుపడి ఆయనే ఆపాడు.

"ఏవయ్యా, పుస్తకాల మీద అలిగావా? రేపొచ్చి కార్డు తీసుకో."

ఆ రోజు నేను నేల మీద నడవలేదు. కానీ కార్డు తిరిగి ఇచ్చాక ఆయన ఒక పని మొదలుపెట్టాడు. నేను తిరిగిచ్చే ప్రతి పుస్తకాన్నీ బొటనవేలు తడి చేసుకుంటూ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసేవాడు. నా వెనక నలుగురు నిలబడి ఉన్నా సరే. లావు పుస్తకమైతే నేను మరీ చిన్నవాణ్నయిపోయేవాణ్ని. ఆయన రిటైరయ్యేదాకా, ఏళ్ల తరబడి, ఒక్క పుస్తకం కూడా చూడకుండా తీసుకోలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"సారూ, ఇంకెన్నొద్దులు చూస్తరు?"

ఆయన వేలు ఆపలేదు. "నీకు పుస్తకం ఇవ్వడం నా ఇష్టంతో చేస్తున్నానయ్యా. తిరిగొచ్చాక చూసుకోవడం నా ఉద్యోగం. రెండూ కలిపేసి బాధపడకు."

బాధపడ్డాను. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఒక నిర్ణయం తీసుకున్నాను. ఎప్పుడైనా తప్పు చేసిన మనిషికి ఇంకో అవకాశం ఇచ్చే స్థితి నాకు వస్తే, ఇలా కొలిచి కొలిచి ఇవ్వను. ఇస్తే పూర్తిగా ఇస్తాను. తర్వాత చదివిన పుస్తకాల్లో ఆ నిర్ణయానికి బలమిచ్చే మాటలే ఏరుకున్నాను. చదివేవాడు తనకు కావలసిందే ఏరుకుంటాడని అప్పుడు తెలియదు.

ఆ అవకాశం మా బావ వల్ల వచ్చింది. మా అక్క భర్త. ఆయన మందమర్రి వైపు ఒక బాయిలో పనిచేసేవాడు. అక్కడ దిగేముందు చొక్కా మడతలో బీడీకట్ట, అగ్గిపెట్టె దొరికాయి. కొన్నాళ్లు పనిలోంచి పక్కన పెట్టి, ఇంకో బాయి వాళ్లు తీసుకుంటే పంపుతామన్నారు. అలాంటి మనిషిని ఎవరు తీసుకుంటారు? మా బాయి మేనేజరుకు నేను అర్జీ రాశాను. రెండు పేజీలు. నేను రాసినవాటిలో అంత మంచిది అప్పటిదాకా లేదు. మేనేజరు చివరిదాకా చదివాడు.

"భాష బాగుంది. కానీ భాష బాగుంటే మనిషి బాగున్నట్టు కాదు కదా. రేపు ఇతను మళ్లీ తెస్తే?"

"నా పూచీ సార్. తలాషీ చేసేది నేనే."

"అయితే ఆ ముక్క కూడా రాయి."

కింద 'పూచీ నాది' అని రాసి సంతకం పెట్టాను.

బావ, అక్క ఇక్కడి క్వార్టర్‌కు మారారు. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. ఆదివారాలు గ్రంథాలయానికి తీసుకుపోయి అక్షరాలు నేర్పాను. యాభై దగ్గరపడ్డ మనిషి పత్రిక మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ పెద్దక్షరాలు చదువుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆయన అక్షరాలు నిటారుగా, కొంచెం ఎడమకు వాలి ఉండేవి, బాయిలో పైకప్పుకు ఆనించే కర్రల్లాగా.

మా బాయిలో మొదటి రోజు ఆయన అందరిలాగే చేతులు లేపాడు. నేనూ అందరిని చూసినట్టే చూశాను. వెనకనుంచి ఎవరో అన్నారు.

"బావను గూడ ఇడుస్తలేడు లైబ్రరీ."

"ఎందుకు ఇడుస్తడు? మా బామ్మర్ది డ్యూటీ గది" అన్నాడు బావ. కానీ కళ్లు నేల మీదే ఉన్నాయి. ఆ ముఖం నాకు తెలుసు. గ్రంథాలయంలో సారు బల్ల ముందు నిలబడ్డ నా ముఖమే అది.

నెల రోజులు అలా చూశాను. తర్వాత ఒక పొద్దున ఆయన చేతులు లేపబోతుంటే, తడమకుండా భుజం తట్టి "నడువు బావా" అన్నాను. ఆయన నడవలేదు. జేబులోంచి డబ్బా తీసి, తంబాకు వైపు మూత తెరిచి నా ముందు పట్టాడు.

"తీస్కో బామ్మర్ది. గిది గూడ తలాషీయే అనుకో."

ఇద్దరం నవ్వాం. ఆ రోజు నుంచి అదే మా ఆనవాయితీ. మిగతావాళ్లను తడిమేవాణ్ని, బావ దగ్గర చిటికెడు తంబాకు తీసుకునేవాణ్ని. గ్రంథాలయం సారు చేయలేని పని నేను చేశాననుకున్నాను.

గత ఎండాకాలం ఒకరోజు, పొద్దున పదకొండు ప్రాంతంలో, రక్షణ చూసే ఆఫీసరు చెప్పకుండా లోపలికి దిగి, పనిచేసే చోటే అందరి డబ్బాలూ తెరిపించాడు. మధ్యాహ్నానికి బావను పైకి తెచ్చారు. నన్ను మేనేజరు గదికి పిలిచారు. బల్ల మీద ఆ డబ్బా ఉంది. సున్నం వైపు మూత తీసి ఉంది. లోపల పాలిథిన్ ముక్కలో చుట్టిన ఐదారు అగ్గిపుల్లలు, అగ్గిపెట్టె పక్క నుంచి కోసిన గీసే పట్టీ, సగానికి విరిచిన రెండు బీడీలు. సున్నం చుక్క లేదు. లోపల సున్నం పక్కవాళ్లను అడిగి తీసుకునేవాడట.

డబ్బా పక్కన ఒక కాగితం పెట్టి ఉంది. చదవమన్నారు. బావ రాసిచ్చిన వాంగ్మూలం. 'మా బామ్మర్దికి తెలుసు. ఆయన డబ్బ చూసే పంపుతడు.' రెండే వాక్యాలు. నిటారుగా, కొంచెం ఎడమకు వాలిన అక్షరాలు. వేరే ఎవరైనా రాసిచ్చి వేలిముద్ర వేయించారని అనుకోవడానికి కూడా నాకు సందు మిగల్లేదు. ఆయన రాసిన మొదటి పూర్తి వాక్యాలు నేను చదివింది అక్కడే.

మేనేజరు పాత ఫైల్లోంచి నా అర్జీ తీసి దాని పక్కన పెట్టాడు. "నీకు తెలుసా?"

"తెల్వది సార్."

"డబ్బా చూస్తావా?"

"రోజూ చూస్త."

"రెండు వైపులా?"

నేను బావ వైపు చూశాను. గోడవైపు తిరిగి నిలబడ్డ ఆయన మెడ మీద బొగ్గుపొడి చెమటకు చారలు కట్టి ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు.

బయట ల్యాంపు రూము వెనక ఆయన్ను ఆపాను.

"ఎందుకు రాసినవ్ బావా?"

"నీకేం గాదనుకున్న. నువ్వు చదువుకున్నోనివి. నాలుగు ముక్కలు రాసి బయటవడ్తవ్. నేనొక్కన్నే అయితె మునుగుత."

"బాయిల ఎంతమంది ఉన్నరో ఎర్కనా నీకు?"

"ఎలిగించలే బామ్మర్ది. బాయిల ఎన్నడు ఎలిగించలే. పైకి ఎక్కినంక తొవ్వల తాగుదామని ఉంచుకున్న, అంతే."

"ఎన్నొద్దుల సంది?"

ఆయన మెడ మీది బొగ్గుపొడి తుడుచుకున్నాడు.

"నేను తడుముడు బంద్ జేసిన సందా?"

బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతుంటే అది మలుపు తిరిగేదాకా దానివైపే చూశాడు. ఎక్కాక తాగేవాడికి అగ్గిపెట్టె బాయి బయట ఏ పాన్ కొట్టులోనైనా దొరుకుతుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

బీడీ కంటే, కాగితం కంటే నన్ను ఎక్కువ తొలిచింది వేరే ఉంది. రెండేళ్ల పొద్దుల్లో ఏ రోజు ఆయన నాకు తంబాకు పెట్టాడో, ఏ రోజు నా చేతిని డబ్బాకు ఒకవైపే ఉంచడానికి పెట్టాడో నేను తేల్చుకోలేను. మొదటి చిటికెడు ప్రేమతోనే ఇచ్చి ఉంటాడని ఒకసారి అనుకుంటాను. కాదు, అప్పుడే సున్నం సంగతి ఆలోచించుకుని ఉంటాడని ఇంకోసారి. జరిగిపోయిన పొద్దులు కూడా నావి కాకుండా పోయాయి.

బావను డిస్మిస్ చేశారు. నాకు చార్జిషీటు ఇచ్చి, తలాషీ నుంచి తీసేసి, నాలుగు నెలలు బొగ్గు పోసే బంకరు దగ్గర రాలింది ఊడ్చే పనిలో వేశారు. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు నా ముందు నుంచే పోయేవారు.

"లైబ్రరీ, డబ్బకు ఎన్ని మూతలుంటయో ఏ పుస్తకంల రాయలేదానే?"

"రాసే ఉంటది, ఈన గా పేజీ తిప్పి ఉండడు."

నవ్వేవారు. నేనూ నవ్వడానికి చూసేవాణ్ని. గ్రంథాలయానికి పోవడం మానేశాను. ఎందుకో పుస్తకాల మీదే కోపం వచ్చింది.

అక్క అప్పుడు రాలేదు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం వచ్చింది. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు.

"తమ్మీ, అర్జీ రాయాలె."

"ఇంకెవలతోనన్న రాయించు."

"నీ లెక్క ఎవలు రాస్తరు?"

"గందుకే రాయ."

"క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నరు."

"ఆయన నా మీద రాసిచ్చిండక్కా. నేను నేర్పిన అక్షరాలతోని."

"ఎర్కే. చెంప మీద ఒక్కటిచ్చిన. మూడొద్దులు అన్నం వెట్టలే. నాకు సిగ్గు లేదనుకుంటున్నవా నీ ఇంటికొచ్చుటానికి?" కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు కాదు, ఎండ. "మంచోడని రాయమంటలేను. పూచీ వడమంటలేను. జరిగింది రాయి, సాలు."

అక్క గోడవైపు చూసింది.

"నువ్వు గా అడవి బొమ్మ కోసుకొచ్చినప్పుడు, సారు కాడికి ఎవలు వొయిన్రో ఎర్కనా నీకు?"

"ఎవలు వోలే. సారే మార్కెట్ల పిలిచిండు."

"నేను వొయిన. చదువు లేకపోతె నా తమ్ముడు ఆగమైతడు సారూ, కార్డియ్యిన్రి అన్న. ఇస్తానమ్మా, కానీ చూసుకుంటూనే ఉంటాను, సరేనా అన్నడు. నేను సరే అన్న."

ఇన్నేళ్లూ ఆ కార్డు నా ముఖం చూసి ఇచ్చాడనుకున్నాను. సారు పేజీలు తిప్పింది నన్ను అవమానించడానికనుకున్నాను. మా అక్క నా తరఫున ఒప్పుకుని వచ్చిన షరతు అది. నాకు చెప్పకుండా దాచింది, నా సంతోషం పాడవుతుందని. ఆ వయసులో ఆమె ఒక్కతే ఆ బల్ల ముందు నిలబడింది. నేను పెద్దయ్యాక, ఆ షరతు నచ్చలేదని తీసేసి, అదే గొప్ప అనుకున్నాను. దాని ఫలితం ఆమె ఇంటి మీదే పడింది.

దానితో బావ చేసింది తక్కువ కాలేదు. అయినా కాగితం తీశాను. ఈసారి అర్ధ పేజీ కూడా రాలేదు. 'ఈయన సున్నం వైపు అగ్గిపుల్లలు దాచాడు. నేను ఆ వైపు తెరిచి చూడలేదు. నాకు తెలుసునని ఈయన రాసింది నిజం కాదు. తిరిగి తీసుకుంటే రోజూ రెండు వైపులా తెరిచి చూడాలి. నేను పూచీ పడడం లేదు.' అక్కకు చదివి వినిపించాను.

"గిట్ల రాస్తె తీస్కుంటరా?"

"ఏమో అక్కా. గింతకు మించి రాస్తె అబద్ధమైతది."

అదే సంగతిని బావ చేత ఆయన చేతి రాతతోనే ఇంకో కాగితం మీద రాయించుకుని రమ్మన్నాను. రాశాడు. రెండూ కలిపి పంపాం. తీసుకుంటారని బాయి మీద ఎవరూ అనుకోలేదు. చాలా నెలలకు తీసుకున్నారు. పాత సర్వీసంతా పోయింది. నిన్న చేరిన కుర్రవాళ్ల వెనక, కొత్త వర్కరుగా. నన్ను అంతకుముందే, ఇదే చివరిసారి అని చెప్పి, బాయి మూతి దగ్గరికి పంపారు. ఆయన నా ముందు నుంచే దిగాలి.

తప్పు చేసిన మనిషికి ఇంకో అవకాశం ఇవ్వాలా అని ఎవరైనా అడిగితే ఇవ్వాలనే అంటాను. నాకు ఇచ్చారు కాబట్టి ఇంకో మాట అనలేను. కానీ ఇచ్చినవాడి లోపల ఏమవుతుందో నేను చదివిన పుస్తకాల్లో లేదు. ఉంటే, నేను తిప్పని పేజీల్లో ఉండి ఉంటుంది.

ఇప్పుడు బావ నా ముందుకు రాకముందే చేతులు లేపుతాడు. చంకలు, జేబులు, నడుము, పిక్కలు, బూట్లు చూస్తాను. డబ్బా ఆయనే బల్ల మీద పెడతాడు. రెండు మూతలూ తీస్తాను. తిరిగొచ్చిన మొదటి రోజు అలవాటు కొద్దీ ఆయన తంబాకు వైపు నా ముందుకు జరిపాడు. నేను తీసుకోలేదు. తంబాకు మానేశానని చెప్పాను. ఆ క్షణం నుంచే మానేశాను. అక్క అడుగుతుంటుంది, మీ ఇద్దరు మాట్లాడుకుంటున్నరా అని. రోజూ ఆయన మీద చేతులేస్తున్న కదా అక్కా అంటాను.

పోయిన వారం, డబ్బా నా చేతిలో ఉండగా, ఆయన మెల్లగా అడిగాడు.

"బామ్మర్ది, ఇంకెన్నొద్దులు?"

గ్రంథాలయం సారు మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నోటి దాకా వచ్చింది. ఇవ్వడం నా ఇష్టం, చూసుకోవడం నా ఉద్యోగం. కానీ సారు పోగొట్టుకున్నది ఒక పేజీ. ఆయన ఆ మాట మొదటి సగం నిజంగానే అనగలిగాడు. నా దగ్గర రెండో సగం మాత్రమే ఉంది.

"చేతులు దించకు బావా" అన్నాను.

దించబోయినవి మళ్లీ లేపాడు. వెనక వరుసలోంచి ఎవరో "జల్ది కానియ్యి లైబ్రరీ అన్నా, హాజరు వోతది" అని అరిచారు. సున్నం వైపు మూత తిప్పాను. తెల్లగా, తడిగా, సున్నమే ఉంది. పక్కన పెట్టుకున్న పుల్ల తీసుకుని అడుగు తగిలేదాకా గుచ్చి చూశాను.